ఊపిరిని కొలిచిన హచిన్సన్

చిక్కబళ్ళాపురం చుట్టుప్రక్కల రాతి క్వారీల దుమ్ములో పనిచేసేవారు, శిడ్లఘట్టలో పట్టుగూళ్ళు ఉడికించేవారు, మన బాగేపల్లి, చింతామణి పల్లెలలో కట్టెలపొయ్యి ముందు ఊదుగొట్టము పట్టిన తల్లులు, వీరి ఊపిరి ఎంత తరిగినదో చెప్పగల యంత్రమునకు మూలపురుషుడు ఒక ఆంగ్ల వైద్యుడు. ఆయన కూడ మనవలెనే సముద్రాలు దాటినవారు.

జాన్ హచిన్సన్ 1811 లో ఇంగ్లండులోని న్యూకాసిల్ వద్ద జన్మించారు. లండనులో వైద్యము చదివి, బ్రిటానియా జీవితభీమా కంపెనీలో వైద్యునిగా పనిచేశారు. ఆ రోజులలో క్షయ ఇంటింటి శత్రువు. పైకి తెలిసేసరికే చేయి దాటిపోయేది. ముందుగా పసిగట్టే దారి వెదకుతూ ఆయన స్పైరోమీటరును నిర్మించారు. నీళ్ళ తొట్టిలో బోర్లించిన పాత్ర. గుండెలనిండా గాలి పీల్చి గొట్టములోనికి ఊదితే పాత్ర పైకి లేచును. ఎంత లేచినదో అంత ఊపిరి. అంతే యంత్రము.

యంత్రము కంటె గొప్పది ఆయన ఓర్పు. నావికులు, పోలీసులు, మంటలార్పేవారు, మల్లులు, నిరుపేదలు, పెద్దమనుష్యులు, మొత్తము 2,130 మందిచేత ఊదించి 1846 లో ఫలితములు ప్రకటించారు. అయిదడుగుల నుండి ఆరడుగుల వరకు, ఎత్తు ఒక్కొక్క అంగుళము పెరిగినకొద్దీ ఊపిరి 8 ఘనపుటంగుళములు పెరుగునని తేల్చారు. అంటే పొడగరి అంకెతో పొట్టివానిని తూచరాదు. ఫ్రీమన్ అనే అమెరికా భారీకాయుని ఊపిరి నానాటికి తగ్గుతున్నట్లు ఈ యంత్రము చూపినది. ఆ మహాకాయుడు చివరకు క్షయతోనే పోయాడు.

ఇంత చేసినవారు 1852 లో భార్యాబిడ్డలను విడిచి ఆస్ట్రేలియా బంగారు గనుల దారి పట్టారు. ఎందుకో ఎవరికీ అంతుబట్టలేదు. 1861 లో ఫిజీలో కన్నుమూశారు. 1903 నుండి మన తెలుగు కూలీలు మద్రాసు రేవులో ఓడలెక్కి దిగినది ఆ దీవులలోనే.

నేడు అరచేతిలో ఇమిడే చౌక స్పైరోమీటర్లు వచ్చినవి. పల్లె ఆరోగ్యకేంద్రమునకు పెద్ద యంత్రము అందదు, ఇవే దిక్కు. అయితే అవి నిజము చెప్పుచున్నవా? 3 లీటర్ల సిరంజితో గాలి పంపి, చూపిన అంకె 3 శాతము లోపు తేడాలో ఉన్నదో లేదో చూడవలెను. ఒకే మనిషిచేత పెద్దదానిలోను, చిన్నదానిలోను ఊదించి పోల్చవలెను. ఇంకొక చిక్కు కలదు. హచిన్సన్ కొలబద్ద ముఖ్యముగా ఆంగ్ల పురుషులది. బాగేపల్లి రైతు ఆడబిడ్డకు ఏది సరియైన అంకె అన్నది, అక్కడి ఆరోగ్యవంతులచేత ఊదించి తెలిసికొనవలసినదే. లేకున్న జబ్బుమనిషిని బాగున్నావు పొమ్మని మళ్ళీ ఆ పొయ్యి దగ్గరకే పంపివేస్తాము.