ఓడెక్కిన పల్లె

మాది చిన్న సంఘం, మేమేం చేయగలం? మనలో చాలామందిమి అనే మాటే ఇది. లూయీ హార్మ్స్ జీవితం తెలిశాక ఆ మాట అనడానికి మనకు నోరు రాదు.

ఉత్తర జర్మనీలోని ల్యూనెబర్గ్ ప్రాంతం చాలావరకు ఇసుక నేల. ఆ బీళ్లలో గొర్రెలు మేపుకుంటూ, తేనెటీగలు పెంచుకుంటూ రైతులు బతికేవారు. అక్కడి హెర్మన్స్‌బర్గ్ అనే పల్లెలో హార్మ్స్ తండ్రి సంఘకాపరి. 1808లో పుట్టిన హార్మ్స్ గోటింగెన్‌లో పై చదువులు చదివే రోజుల్లో విశ్వాసాన్ని పోగొట్టుకున్నాడు. ఒక రాత్రి యోహాను సువార్త 17వ అధ్యాయం చదువుతుండగా దేవుడు ఆయన మనసు మార్చాడు. 1844లో తండ్రికి సహాయకుడిగా పల్లెకు తిరిగొచ్చాడు. 1849లో తండ్రి మరణించాక తానే కాపరి అయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. ఆరోగ్యమూ అంతంతమాత్రమే. అయినా రైతులతో వారి యాసలోనే మాట్లాడుతూ వాక్యం చెప్పేవాడు.

ఆ వాక్యం విన్న రైతుబిడ్డలు మిషనరీలుగా వెళ్తామని ముందుకొచ్చారు. పెద్ద చదువులు లేవని హార్మ్స్ వారిని వెనక్కి పంపలేదు. 1849లోనే 12 మందితో శిక్షణశాల తెరిచాడు. బైబిలు చదువుతో పాటు చేతిపనీ అందులో భాగమే. 1853లో ఆ మిషన్ సొంత ఓడనే కట్టించింది. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలోని ఐతియొపీయుల రాణిని తలచుకుని దానికి కందాకే అని పేరు పెట్టారు. మిషనరీలతో పాటు వ్యవసాయం, చేతిపనులు తెలిసినవారూ ఓడెక్కారు.

కానీ వారు వెళ్లాలనుకున్నది ఇథియోపియాలోని ఒరోమో ప్రజల దగ్గరికి. ఆ దారి మూసుకుపోయింది. పల్లె చేసిన త్యాగమంతా వృథాయేనా? 1854లో వారు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో దిగి, పొలాలు సాగుచేసి, ఆ కొత్త ఊరికి తమ పల్లె పేరే పెట్టుకున్నారు. 1860లలో మరికొందరు మన తెలుగు నేలకే వచ్చారు. నాయుడుపేట, సూళ్లూరుపేట, గూడూరు ప్రాంతాల్లో వారు వేసిన విత్తనమే నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం.

1865లో హార్మ్స్ ప్రభువు సన్నిధికి చేరాడు. ఒరోమోల మధ్య పని మొదలవడం ఆయన చూడలేదు. అయితే 1920ల చివర్లో హెర్మన్స్‌బర్గ్ మిషనరీలు అక్కడికీ చేరారు.

మూసుకున్న తలుపు ముందు ఆ పల్లె ఆగిపోయి ఉంటే మనలో కొందరి తాతముత్తాతలకు సువార్త ఎలా అందేది? ఇచ్చేందుకు మన దగ్గర ఏమీ లేదని అనుకునే ముందు, బీడు నేల రైతులు మనకిచ్చిందేమిటో ఒక్కసారి తలచుకుందాం.