అల్జీమర్ అనే ఇంటిపేరు

అల్జీమర్స్ అన్న మాట ఇప్పుడు మచ్చ బొల్లారంలో కూరగాయల బండి దగ్గర కూడా వినబడుతోంది. ఫలానా వాళ్ల అమ్మగారికి అదేనట, ఫలానా సారుకు అదేనట అంటున్నారు. అది ఒక మనిషి ఇంటిపేరన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆయన అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు. పోయి నూట పదేళ్లు దాటింది. నా ఉద్యోగ జీవితమంతా ఆసుపత్రి ల్యాబుల్లో స్లైడులకు రంగులు పట్టించడంలోనే గడిచింది. అందుకే మన స్వర్ణోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధుడి జీవితం రాయమనగానే నాకు ఆయనే గుర్తొచ్చారు. ఆయన చేసిన పనిలో సగం మా పనే.

1864 జూన్ 14న బవేరియాలో, మైన్ నది ఒడ్డున మార్క్ట్‌బ్రైట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి నోటరీ. పిల్లల చదువుల కోసం కుటుంబం అషాఫెన్‌బుర్గ్ పట్టణానికి మారింది. మనలో చాలామంది ఇళ్లలో జరిగినట్టే. బెర్లిన్, ట్యూబింగెన్, వుర్ట్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయాల్లో వైద్యం చదివారు. డాక్టరు పట్టా కోసం ఆయన పరిశోధించింది దేనిమీదో తెలుసా? చెవిలో గులిమి తయారుచేసే గ్రంథుల మీద! మెదడుకు అంతకంటే దగ్గరి దారి దొరకలేదు కాబోలు.

1888 చివర్లో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయంలో చేరారు. అక్కడి డైరెక్టరు ఎమిల్ సియోలి రోగులను కట్టిపడేయడం ఇష్టపడని మనిషి. ఉద్రేకంలో ఉన్నవాళ్లను గంటల తరబడి గోరువెచ్చని నీళ్ల తొట్టెల్లో కూర్చోబెట్టి శాంతపరిచేవారు. మరుసటి ఏడాది ఫ్రాంజ్ నిస్ల్ వచ్చి చేరారు. ఇద్దరూ పగలు వార్డుల్లో తిరిగి, సాయంత్రాలు మైక్రోస్కోపు ముందు కూర్చునేవారు. మెదడు ముక్కను ఎంత పల్చగా కోసినా, రంగు పట్టించకపోతే అందులో ఏమీ ఆనదు. నరకణాలు స్పష్టంగా కనబడే రంగును కనిపెట్టినవారు ఈ నిస్లే. ఆయన పేరుతో ఉన్న ఆ స్టెయిన్‌ను ఇప్పటికీ వాడుతున్నారు.

1894లో అల్జీమర్ సెసిలీ అనే సంపన్నురాలైన వితంతువును పెళ్లి చేసుకున్నారు. ముగ్గురు పిల్లలు పుట్టాక, 1901లో ఆమె చనిపోయారు. పిల్లల బాధ్యత ఆయన చెల్లెలు తీసుకుంది. ఆయన పనిలో మునిగిపోయారు.

అదే ఏడాది నవంబరు 25న ఆగుస్టె డెటర్ అనే ఆమెను ఆ ఆసుపత్రిలో చేర్చారు. రైల్వే గుమస్తా భార్య, వయసు 51. మొదట భర్త మీద కారణం లేని అనుమానం మొదలైంది. తర్వాత మతిమరుపు, వస్తువులు ఎక్కడెక్కడో దాచిపెట్టడం, చేయి తిరిగిన వంట కూడా తప్పడం. మర్నాడు అల్జీమర్ ఆమె పక్కన కూర్చుని పేరు అడిగారు. చెప్పింది. భర్త పేరు అడిగితే మళ్లీ తన పేరే చెప్పింది. పెన్సిలు, తాళంచెవి, పుస్తకం చూపిస్తే ఇవేమిటో సరిగ్గా చెప్పింది, కాసేపాగి ఏం చూపించానని అడిగితే జ్ఞాపకం లేదు. మధ్యాహ్నం కాలీఫ్లవరు, పంది మాంసం తింటూ పాలకూర తింటున్నానంది. పేరు రాయమంటే సగంలో ఆగిపోయింది. తనను తాను పోగొట్టుకున్నానని బాధపడింది. అడిగిన ప్రతి ప్రశ్న, వచ్చిన ప్రతి జవాబు ఆయన రాసిపెట్టుకున్నారు.

నన్నడిగితే ఆయన గొప్పతనం మైక్రోస్కోపులో కంటే ఈ కాగితాల్లోనే ఎక్కువుంది. పిచ్చి అని ఒక్క మాట రాసి ఫైలు మూసేసే రోజులవి. ఈనాటికీ మన ఇళ్లలో పెద్దతనం అనో, చాదస్తం అనో ఒక్క మాటతో తేల్చేస్తున్నాం. మనకు లెక్కలు చెప్పిన ఒక మాస్టారు క్లాసులో అరవై మందినీ రిజిస్టరు చూడకుండా వరసగా పిలిచేవారు. చివరి రోజుల్లో ఆయన ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడుగుతుంటే, చూడ్డానికి వెళ్లినవాళ్లు నవ్వి ఊరుకునేవారు. రెండేళ్ల తర్వాత గానీ డాక్టరుకు చూపించలేదు. మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. బి12 విటమిను తగ్గినా, థైరాయిడ్ మందగించినా, మనసు కుంగినా మరుపు వస్తుంది. వీటికి వైద్యం ఉంది. వీటిలో మొదటి రెండూ మామూలు రక్తపరీక్షలోనే తేలిపోతాయి.

1903లో అల్జీమర్ హైడెల్‌బెర్గ్ మీదుగా మ్యూనిక్ చేరారు. అక్కడ ఎమిల్ క్రేపెలిన్ ఆసుపత్రిలో మొదట్లో జీతం లేకుండానే పనిచేశారు. భార్య వదిలివెళ్లిన ఆస్తి ఆదుకుంది. ఊరు మారినా ఆగుస్టెను మరచిపోలేదు, ఆమె ఎలా ఉందో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి తెలుసుకుంటూనే ఉన్నారు. 1906 ఏప్రిల్ 8న ఆమె చనిపోయింది. మంచాన పడి ఒరుసుకుపోయిన పుండ్ల వల్ల రక్తం విషమించింది. సియోలి ఆమె ఫైలును, మెదడును మ్యూనిక్‌కు పంపించారు.

బీల్షోవ్‌స్కీ అనే ఆయన అంతకు కొన్నేళ్ల ముందే వెండి లవణాలతో నరాల పోగులకు రంగు పట్టించే పద్ధతి కనిపెట్టారు. చెయ్యి తిరగనివాళ్లకు అది లొంగే రకం కాదు. ఆ రంగులో అల్జీమర్‌కు రెండు కనబడ్డాయి. కణాల మధ్య చిరుధాన్యపు గింజల్లాంటి మచ్చలు, కణాల లోపల చిక్కుపడ్డ దారపుండల్లాంటి పోగులు. కొన్నిచోట్ల కణం నశించిపోయి చిక్కు మాత్రమే మిగిలింది. ఆ మచ్చలు అమిలాయిడ్ బీటా అనే ప్రొటీన్‌వని, చిక్కులు టావ్ అనే ప్రొటీన్‌వని 1980లలో గానీ తేలలేదు.

1906 నవంబరు 3న ట్యూబింగెన్‌లో వైద్యుల సభలో ఈ సంగతంతా వివరించారు. ఒక్కరూ ప్రశ్న అడగలేదు. 1910లో క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఈ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టారు. ఇది వృద్ధాప్యపు మతిమరుపుకు భిన్నమైన జబ్బేనా అని అల్జీమర్‌కే గట్టి నమ్మకం లేదు. ప్రాగ్‌లో ఆస్కార్ ఫిషర్ 1907లోనే 12 మంది వృద్ధ రోగుల మెదళ్లలో అవే మచ్చలు చూపించారు. ఆయన పేరు ఎవరికీ గుర్తులేకపోవడం నాకు కష్టంగానే ఉంటుంది. ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు అల్జీమర్స్ అంటే నడివయసులో వచ్చే అరుదైన జబ్బనే అనుకున్నారు. ముసలివాళ్లలో మరుపుకూ కారణం చాలావరకు ఇదేనని 1976లో అమెరికా వైద్యుడు రాబర్ట్ కాట్జ్‌మన్ గట్టిగా వాదించాకే లోకం కళ్లు తెరిచింది.

మ్యూనిక్‌లో ఆయన మంచి మాస్టారు కూడా. ఒక్కో విద్యార్థి పక్కన కూర్చుని స్లైడు చూపిస్తూ వివరించేవారట. సాయంత్రానికి ప్రతి మైక్రోస్కోపు దగ్గరా ఆయన మరచిపోయిన చుట్టముక్క ఒకటి ఉండేదట. వైద్యంలో ఇప్పటికీ వినబడే లెవీ, క్రాయిట్స్‌ఫెల్ట్, యాకోబ్ పేర్లు ఆ ల్యాబులో పనిచేసినవారివే.

1912లో బ్రెస్లావ్ విశ్వవిద్యాలయం ఆయనను ప్రొఫెసరుగా పిలిచింది. అది ఇప్పుడు పోలండ్‌లోని వ్రొత్స్వావ్. వెళ్లేటప్పుడు రైల్లోనే జబ్బుపడ్డారు. గుండె మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. 1915 డిసెంబరు 19న చనిపోయారు. వయసు 51, ఆగుస్టె ఆసుపత్రిలో చేరిన వయసే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో భార్య పక్కనే సమాధి చేశారు. ఆగుస్టె ఫైలు ఏమైందో ఎవరికీ తెలియలేదు. 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే బయటపడింది, ఆయన చేతిరాతతో సహా.

చికిత్స సంగతికొస్తే, 1996లో అమెరికాలో అనుమతి పొందిన డోనెపెజిల్ లాంటి మాత్రలు కొంతకాలం నెట్టుకురావడానికి పనికొస్తాయి, జబ్బును ఆపలేవు. 2023లో పూర్తి అనుమతి వచ్చిన లెకానెమాబ్ అమిలాయిడ్‌ను తొలగిస్తుంది. మొదటి దశలో ఇస్తే జబ్బు కాస్త నెమ్మదిస్తుందే గానీ నయం కాదు. మెదడు వాయడం, రక్తం చిమ్మడం వంటి ప్రమాదాలుంటాయి గనుక మధ్యమధ్య ఎం.ఆర్.ఐ. తీస్తూ ఉండాలి.

ఇక మన నగరం మాట. పంజాగుట్ట నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, సహచరులు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివారిలోనూ ఆ తేడా ఉంది. ఈ తేడాకు భాషలే కారణమా, మరేదైనానా అన్న వాదన ప్రపంచంలో ఇంకా నడుస్తోంది. నాకైతే అది చదివినప్పుడు మన క్లాసు గదే కళ్లముందు మెదిలింది. ఇంట్లో తెలుగు, వీధిలో దక్కనీ, కంటోన్మెంటు పిల్లల దగ్గర తమిళం, క్లాసులో ఇంగ్లీషు. తెలుగు పీరియడులో హిందీ మాట దొర్లితే బెంచీ ఎక్కించేవారు.