ఒకే గూట్లో రెండు కుటుంబాలు: అన్నే ఫ్రాంక్ జీవితం నుంచి మనం తీసుకోవాల్సింది

అన్నే ఫ్రాంక్ పేరు మన విద్యార్థులకు కొత్త కాదు. సీబీఎస్ఈ పదో తరగతి ఇంగ్లిషు పుస్తకంలో ఆమె డైరీ నుంచి తీసిన పాఠం ఒకటి ఉంది. తరగతిలో ఎక్కువగా మాట్లాడుతోందని లెక్కల మాస్టారు వ్యాసం రాయమని శిక్ష వేస్తే, ఆ పిల్ల దాన్నే నవ్వులాటగా మార్చేసిన ముచ్చట అది. పాఠం దాదాపు అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాత రెండేళ్లకు పైగా మూసిన తలుపుల వెనక ఆమె ఎవరితో బతికింది, ఎవరితో గొడవ పడింది అన్నది అందులో లేదు. నరసరావుపేట, మాచర్ల, గురజాల హాస్టళ్లలో చదువుకుంటున్న మన పిల్లలకు ముఖ్యంగా తెలియాల్సింది ఆ భాగమేనని మేం అనుకుంటున్నాం. ఎందుకంటే అది పీడితులు సాటి పీడితులతో పోట్లాడుకున్న కథ.

యూదులంటే మనకు సంబంధం లేని దూరపు జనం అనుకోవద్దు. మన పక్కనే, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, యూదు మతాన్ని పాటించే మాదిగ కుటుంబాలు ఉన్నాయి. బెనె ఎఫ్రాయిమ్ అని వాళ్లను వాళ్లు పిలుచుకుంటారు. వెలివేతను చూసిన జనం, వెలివేతను చూసిన మరో జనంలో తమను చూసుకోవడం వింతేమీ కాదు.

వెలివేత ఎలా మొదలైంది

అన్నే 1929 జూన్ 12న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. తండ్రి ఒట్టో, తల్లి ఎడిత్, మూడేళ్లు పెద్దదైన అక్క మార్గొట్. 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే ఒట్టో నెదర్లాండ్స్ రాజధాని ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్లి, జామ్ గట్టిపడడానికి వాడే పెక్టిన్ వ్యాపారం మొదలుపెట్టాడు. 1934 మొదట్లో అన్నే కూడా అక్కడికి చేరింది. 1938లో మసాలా దినుసుల పని బాగా తెలిసిన హెర్మన్ వాన్ పెల్స్ ఆ వ్యాపారంలో చేరాడు. అతనూ జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదుడే. భార్య ఆగుస్తె, కొడుకు పీటర్ అతని కుటుంబం.

1940 మేలో జర్మన్ సైన్యం నెదర్లాండ్స్‌ను ఆక్రమించింది. ఆ తర్వాత ఒక్కొక్కటిగా వచ్చిన ఆంక్షలు మన పాఠకులకు వేరే వివరించక్కర్లేదు. పార్కులోకి రాకూడదు. సినిమా హాల్లోకి రాకూడదు. ట్రామ్ ఎక్కకూడదు. సైకిల్ ఉండకూడదు. పిల్లలకు వేరే బడి. దుకాణాలకు వెళ్లడానికి వేరే వేళలు. 1942 మే నుంచి బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాలి. గుర్తు పెట్టి వేరు చేయడం, వేరు చేసి ఏరివేయడం: ఇదే క్రమం.

1942 జూలై 5న మార్గొట్‌కు జర్మనీలో పనికి రమ్మని ఆదేశం వచ్చింది. మర్నాడే ఆ కుటుంబం ప్రిన్సెన్‌గ్రాక్ట్ వీధి 263వ నంబరులో ఉన్న ఒట్టో ఆఫీసు వెనక భాగంలోకి వెళ్లి దాక్కుంది. జూలై 13న వాన్ పెల్స్ కుటుంబం వచ్చింది. నవంబరు 16న పళ్ల డాక్టరు ఫ్రిట్జ్ ఫెఫర్ వచ్చాడు. మొత్తం ఎనిమిది మంది. మీప్ గీస్, బెప్ వోస్కయిల్, కుగ్లర్, క్లైమన్ అనే నలుగురు ఆఫీసు ఉద్యోగులు తమ ప్రాణాలు పణంగా పెట్టి వాళ్లకు తిండీ పుస్తకాలూ చేరవేశారు. ఆ వెనక భాగపు దారి కనబడకుండా పుస్తకాల అల్మరా ఒకటి అడ్డం పెట్టారు.

దుప్పట్లు, పళ్లేలు, ఒక చిన్న బల్ల

ఆ ఇంటి ఏర్పాటు చూస్తే గొడవలు ఎందుకొచ్చాయో సగం అర్థమవుతుంది. వాన్ పెల్స్ దంపతులు పడుకునే గదే పగలు అందరికీ వంటిల్లు, అందరూ కూర్చుని తినే చోటు కూడా. అంటే ఆ భార్యాభర్తలకు పగలు తమదంటూ ఒక గది లేదు. పీటర్‌కు మెట్ల పక్కన ఇరుకు గది. ఫెఫర్ వచ్చాక మార్గొట్ అమ్మానాన్నల గదిలోకి మారింది. 13 ఏళ్ల అన్నే, 50 దాటిన పరాయి మగమనిషితో గది పంచుకోవాల్సి వచ్చింది. కింద గోదాములో పనివాళ్లకు వీళ్ల సంగతి తెలియదు. అందుకని పని వేళల్లో అడుగుల చప్పుడు కాకూడదు, కుళాయి తిప్పకూడదు, మరుగుదొడ్డిలో నీళ్లు వదలకూడదు.

వచ్చిన రెండు నెలలకే దుప్పట్ల దగ్గర మాట తేడా వచ్చింది. అందరూ వాడుకునే బీరువాలోంచి ఆగుస్తె తన దుప్పట్లు మూడు మాత్రం ఉంచి మిగతావి తీసేసుకుంది. అది చూసి ఎడిత్ కూడా తనవి తీసేసింది. అందరి భోజనానికీ తన పళ్లేలే వాడుతున్నారని ఆగుస్తెకు కోపం. పిల్లకు క్రమశిక్షణ లేదని వాన్ పెల్స్ దంపతులు అన్నేను వంక పెట్టేవారు. ఆ మాటకు ఫ్రాంక్ దంపతులకు మనసు కష్టపడేది.

1943 వేసవిలో గొడవ ఒక బల్ల మీదికి వచ్చింది. ఇద్దరి గదిలో ఉన్నది ఒక్క చిన్న బల్ల. వారంలో రెండు మధ్యాహ్నాలు రాసుకోవడానికి అది తనకు కావాలని అన్నే అడిగింది. తన చదువే అసలు చదువనీ, పిల్లది ఆటలాంటిదనీ ఫెఫర్ భావించాడు. చివరికి ఒట్టో కలగజేసుకుని ఆ రెండు మధ్యాహ్నాలూ ఇప్పించాడు. ఈ రోజు ప్రపంచం చదువుతున్న పుస్తకంలో కొంత ఆ పోరాడి తెచ్చుకున్న వేళల్లో రాసిందే. అడిగి తీసుకున్న వాటా అది.

తర్వాత డబ్బు. వాన్ పెల్స్ దగ్గర ఉన్నది అయిపోయింది. ఆగుస్తె బొచ్చు కోటు అమ్మితే 325 గిల్డర్లు వచ్చాయి. యుద్ధం అయ్యాక కొత్త బట్టలు కొనుక్కోవడానికి దాచుకుంటానని ఆమె, ఇంటి ఖర్చుకు కావాలని భర్త. కేకలు అందరికీ వినపడ్డాయి. 1944 జనవరి నాటికి మాంసం, కొవ్వు, నూనె వేరు పెట్టుకున్నారు. ఎవరి బంగాళాదుంపలు వాళ్లు వేయించుకున్నారు. బ్రహ్మనాయుడి చాపకూడు కథ వింటూ పెరిగిన పల్నాటి వాళ్లకు ఆ వేరు కుంపటి ఎంత బాధో తెలుస్తుంది.

ఇందులో చెడ్డవాళ్లెవరు? ఎవరూ కాదని మేం అంటాం. బయట లక్షా నలభై వేల మంది యూదుల్లో లక్షకు పైగా మందిని చంపుతున్న రోజులవి. పులుసు గిన్నె దగ్గర పుట్టిన కోపం పులుసు మీది కోపం కాదు. తలుపు మూసినవాడి మీద చూపించలేని కోపం పక్కవాడి మీద పడుతుంది.

రాసినవాళ్లు, రాయనివాళ్లు

ఇక్కడ చరిత్ర చదివే విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. ఈ గొడవలన్నీ మనకు తెలిసింది ముఖ్యంగా ఒక్క మనిషి కలం నుంచి. ఆగుస్తె డైరీ మన దగ్గర లేదు. ఫెఫర్ వైపు కథ లేదు. అన్నే పుస్తకంగా తిరగరాసేటప్పుడు పేర్లు మార్చి, ఫెఫర్‌కు డుస్సెల్ అని పెట్టింది. జర్మన్‌లో ఆ మాటకు మొద్దు అనే అర్థం ఉంది. నిజానికి ఆయన బాధ వేరు. ఆయన సహచరి షార్లొట్ కలెట్టా యూదు కాదు. యూదులకు ఇతరులతో పెళ్లిని నిషేధించిన నాజీ చట్టం వల్ల వాళ్లు పెళ్లి చేసుకోలేకపోయారు. ఆమె అదే ఊళ్లో ఉన్నా ఆయన ఎక్కడున్నాడో ఆమెకు తెలియదు. ఉత్తరాలు మీప్ చేతుల మీదుగా వెళ్లేవి. కులాంతర ప్రేమకు ఇక్కడ పడే శిక్షలు తెలిసిన మనం ఆయన్ను మొద్దు అనలేం. 1955లో డైరీని నాటకంగా ఆడినప్పుడు, భక్తిపరుడైన ఆయన్ను యూదు ఆచారాలు తెలియనివాడిగా చూపించారు. షార్లొట్ ఎంతో నొచ్చుకుంది.

అన్నేలో గొప్పతనం ఏమిటంటే, తను రాసింది తనే మళ్లీ తూచుకుంది. 1944 జనవరిలో పాత పేజీలు తిరగేసి, తల్లి గురించి రాసిన మాటల కరకుదనానికి తనే విస్తుపోయింది. ఆ ఏడాది మార్చిలో, యుద్ధకాలపు డైరీలూ ఉత్తరాలూ భద్రపరచాలని డచ్ మంత్రి బోల్కెస్టైన్ లండన్ రేడియోలో చెప్పాడు. మే నెల నుంచి ఆమె విడి కాగితాల మీద మొత్తం తిరగరాయడం మొదలుపెట్టింది. అది పూర్తికాలేదు.

కంచె దగ్గర

1944 ఆగస్టు 4న పోలీసులు వచ్చి ఎనిమిది మందినీ పట్టుకుపోయారు. నేల మీద చెదిరిపోయిన కాగితాలను మీప్, బెప్ ఏరి దాచారు. సెప్టెంబరు 3న వెస్టర్‌బోర్క్ శిబిరం నుంచి ఆష్‌విట్జ్‌కు వెళ్లిన ఆఖరి రైల్లో 1019 మంది ఉన్నారు. ఆ ఎనిమిది మందీ అందులోనే. దుప్పట్లు వేరు పెట్టుకున్నవాళ్లనూ, బంగాళాదుంపలు వేరు వేయించుకున్నవాళ్లనూ ఆ రైలు వేరుగా చూడలేదు.

అన్నే, మార్గొట్‌లను అక్కడి నుంచి బెర్గెన్-బెల్సెన్‌కు తరలించారు. కొన్నాళ్లకు ఆగుస్తె కూడా అక్కడికే వచ్చింది. 1945 మొదట్లో అన్నే చిన్ననాటి స్నేహితురాలు హానా గోస్లర్ అదే శిబిరంలో కంచెకు అవతలి భాగంలో ఉంది. చీకట్లో కంచె దగ్గర నిలబడి ఆమె పిలిచినప్పుడు ముందు పలికింది ఆగుస్తె. అన్నేను పిలుచుకొచ్చి స్నేహితురాలితో కలిపింది ఆమే. క్రమశిక్షణ లేని పిల్లని వంక పెట్టిన మనిషే. హానా కంచె మీదుగా విసిరిన మొదటి తిండి పొట్లాన్ని మరో ఆకలిగొన్న ఖైదీ లాక్కుపోయింది. రెండోది అన్నేకు అందింది. అటు ఆష్‌విట్జ్‌లో పీటర్ తనకు దొరికిన తిండిలో కొంత ఒట్టోకు తెచ్చిచ్చేవాడు.

ఆ ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో అక్కాచెల్లెళ్లిద్దరూ టైఫస్ జ్వరంతో చనిపోయారు. అన్నేకు 16 నిండలేదు. హెర్మన్, ఆగుస్తె, పీటర్, ఫెఫర్, ఎడిత్ ఎవరూ మిగల్లేదు. మిగిలింది ఒట్టో ఒక్కడే. 1947 జూన్ 25న ఆయన కూతురి పుస్తకాన్ని అచ్చు వేయించాడు.

మన శిబిరాలు, మన గొడవలు

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపాక బాధితులు చీరాలలో తలదాచుకున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపాక బాధితులు తెనాలి చేరారు. 2019లో మన దుర్గి మండలం ఆత్మకూరు నుంచి ఊరు విడిచిన దళిత కుటుంబాలు గుంటూరు శిబిరంలో ఉంటే, వాళ్లు నిజంగా బాధితులా కాదా అని పార్టీలు వాదులాడుకున్నాయి. శిబిరం అన్నాక బియ్యం కొలత దగ్గర, నీళ్ల బిందె దగ్గర మాటా మాటా పెరుగుతుంది. అది చూపించి, వాళ్లలో వాళ్లకే పడదు, ఇంక మనమేం చేస్తాం అని తేల్చేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆమ్‌స్టర్‌డామ్ ఇంట్లో దుప్పట్ల గొడవ జరిగింది కాబట్టి నాజీల నేరం తగ్గిందా? బాధితులు మహాత్ములైతేనే న్యాయం చేస్తామనడం న్యాయం ఎగ్గొట్టే పద్ధతి.

ఇంకో మాట మనలో మనం చెప్పుకోవాలి. 1994లో ఈదుమూడిలో దండోరా మోగినప్పటి నుంచి, వర్గీకరణ చేసే అధికారం రాష్ట్రాలకు ఉందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు ఇచ్చేదాకా, మాల మాదిగల మధ్య నడిచిన వాదం చిన్నది కాదు. దాన్ని దుప్పట్ల గొడవతో సమానం చేయడం లేదు. అది హక్కుల లెక్క. అన్నే బల్ల అడిగినట్టే వాటా అడగడం న్యాయం. అడిగినవాళ్లను ఐక్యత చెడగొట్టేవాళ్లనడం అన్యాయం. అయితే లెక్క అడిగే నోటితో అవతలి వాడను కించపరిస్తే, వాళ్లకు మొద్దు అని పేరు పెడితే, ఆ మాట కాగితం మీద నిలిచిపోతుంది. సరిదిద్దుకునే టైం మనకు దొరక్కపోవచ్చు.

పోరాటంలో ఉన్నవాళ్లు గొడవ పడతారు. పడనివ్వండి. లెక్కలు బాహాటంగా తేల్చుకోనివ్వండి. మన శిబిరాల్లో ఇద్దరి వైపు మాటా రాసిపెట్టండి, ముఖ్యంగా రాయలేనివాళ్ల మాట. తలుపు మూసింది ఎవరో మాత్రం మరిచిపోవద్దు. కంచె దగ్గర పేరు పెట్టి పిలిస్తే ముందు పలకాల్సింది మనమే.