గురువు చూపిన బాటలో హెచ్‌.నరసింహయ్య

హొసూరు అనగానే చాలామందికి తమిళనాడులోని పారిశ్రామిక పట్టణమే స్ఫురిస్తుంది. చిక్కబళ్లాపురం జిల్లా గౌరీబిదనూరు తాలూకాలోనూ ఒక హొసూరు ఉంది. తెలుగు, కన్నడ కలగలిసిన ఈ సీమలోని ఆ పల్లె కర్ణాటక విద్యారంగానికి డాక్టర్ హెచ్‌.నరసింహయ్యను అందించింది. ఆయన పేరులోని తొలి అక్షరం ఆ ఊరిదే.

నాటి కోలారు జిల్లాకు చెందిన ఆ గ్రామంలో 1920 జూన్ 6న నిరుపేద కుటుంబంలో ఆయన జన్మించారు. ఊరి బడిలో చదువు ముగిశాక ముందుకు సాగే దారి కనిపించలేదు. ఆ తరుణంలో ప్రధానోపాధ్యాయులు ఎం.ఎస్‌.నారాయణరావు ఆ బాలునిలోని ప్రతిభను గుర్తించి, బెంగళూరు వెళ్లి చదువు కొనసాగించమని ప్రోత్సహించారు. బస్సు ఛార్జీకి డబ్బులు లేవు. అయినా గురువు మాటను జవదాటక, 1935లో ఆ విద్యార్థి సుమారు 80 కిలోమీటర్లు కాలినడకన బెంగళూరు చేరి, బసవనగుడిలోని నేషనల్ హైస్కూలులో ప్రవేశించాడు. మరుసటి ఏడాది మహాత్మాగాంధీ ఆ పాఠశాలకు విచ్చేసినప్పుడు, ఆయన హిందీ ప్రసంగాన్ని కన్నడంలోకి అనువదించే భాగ్యం ఈ పల్లెటూరి బాలునికే దక్కింది.

సెంట్రల్ కళాశాలలో భౌతికశాస్త్రం అభ్యసిస్తూ 1942లో చదువు విడిచి క్విట్ ఇండియా ఉద్యమంలో దూకి, కారాగారవాసం అనుభవించారు. తిరిగి చదువు పూర్తిచేసి 1946లో నేషనల్ కళాశాలలో అధ్యాపకులయ్యారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతికశాస్త్రంలో డాక్టరేటు సాధించారు. అక్కడే స్థిరపడక స్వదేశానికి తిరిగివచ్చి, తాము చదువుకున్న విద్యాసంస్థకే ప్రిన్సిపాల్‌గా సేవలందించారు. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం స్థాపించి విజ్ఞానశాస్త్రాన్ని సామాన్యుని చెంతకు చేర్చారు. 1972 నుండి 1977 వరకు బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్నారు. మహిమలుగా చెప్పబడేవాటిని శాస్త్రీయంగా పరిశీలించేందుకు 1976లో సంఘాన్ని ఏర్పరచి, ప్రశ్నించడం విద్యార్థి ధర్మమని చాటారు. 1984లో పద్మభూషణ్ పురస్కారం అందుకున్నారు.

పదవులు వచ్చినా ఆయన జీవనం మారలేదు. అవివాహితులుగా ఖద్దరు ధరిస్తూ, కళాశాల వసతి గృహంలోని చిన్న గదిలోనే జీవితం గడిపారు. 2005 జనవరి 31న కన్నుమూశారు.

గురువు ఋణం తీర్చుకోవడమెలా? నరసింహయ్య తమ చేతలతోనే సమాధానమిచ్చారు. విద్య కోసం తాము ఊరు వదిలి నడవవలసి వచ్చింది. ఆ కష్టం తరువాతి తరానికి రాకూడదని గౌరీబిదనూరులో, బాగేపల్లిలో నేషనల్ కళాశాలల స్థాపనకు పాటుపడ్డారు. తాము నడిచిన దారి చివర ఉన్న విద్యను, ఆ దారి మొదలైన సీమకే తీసుకువచ్చారు. పొలం పనులకో, కూలికో పిల్లల బడి మాన్పించాలనే ఆలోచన కలిగినప్పుడు సరిహద్దు పల్లెల తల్లిదండ్రులు ఈ జీవితాన్ని ఒక్కసారి తలచుకోవాలి. నాడు ఆ ప్రధానోపాధ్యాయుడు చెప్పిన మాట ఒక్క బాలునికే. దాని ఫలం అందుకున్నది రెండు తాలూకాల విద్యార్థిలోకం.