ఆకాశవాణి బృందంలో రెండు రాగమార్గాలను కలిపిన వైణికుడు

ఉత్తరాది కళాకారులను ‘తోడి’ వాయించమంటే వినిపించే స్వరాలు మనకు శుభపంతువరాళి. మన తోడి స్వరాలేమో వాళ్లకు భైరవి. పేరు ఒకటి, రాగం మరొకటి. ఈ రెండు సంప్రదాయాల వాద్యకారులనూ ఒకేచోట కూర్చోబెట్టి 1952లో ఢిల్లీ ఆకాశవాణి ‘వాద్యవృంద’ను ప్రారంభించింది. తొలినాళ్లలో రవిశంకర్, టి.కె. జయరామ అయ్యర్ నడిపిన ఆ బృందానికి తర్వాతి కాలంలో సంగీత రచన, నిర్వహణ చేపట్టినవారిలో ద్రాక్షారామం బిడ్డ ఈమని శంకరశాస్త్రి ఒకరు.

1922లో పుట్టిన శాస్త్రికి వీణ ఇంట్లోనే అబ్బింది. తండ్రి అచ్యుతరామశాస్త్రి పేరున్న వైణికుడు. ఆ తర్వాత మద్రాసు, జెమిని స్టూడియో. 1952లో వాసన్ తీసిన హిందీ చిత్రం ‘మిస్టర్ సంపత్’కు బి.ఎస్. కల్లాతో కలిసి సంగీతం చేశారు. కచేరీ విద్వాంసుడికి సినిమా పని చిన్నతనమనుకునే రోజులవి. కానీ పదిమంది వాద్యకారులకు ఎవరి వంతు వారికి రాసిపెట్టే పని స్టూడియోలో తప్పదు. ఢిల్లీలో అక్కరకొచ్చే విద్య అదే కదా!

అక్కడ అసలు చిక్కు గమకం. వీణ మీద ఒక్కరు తీగ లాగి స్వరాన్ని ఊపితే అందం. ఇరవైమంది తలో తీరున ఊపితే గోల. అందరూ ఊపడం మానేస్తే రాగం కాదు, ఉత్త స్వరాల వరుస. భారతీయ సంగీతానికి ఆర్కెస్ట్రా పనికిరాదన్న విమర్శకు మూలం ఇక్కడే ఉంది. అది తేలిగ్గా కొట్టిపారేసే విమర్శ కాదు. ఇప్పుడు ఢిల్లీ, గురుగ్రామ్ క్లబ్బుల్లో డీజేలు రెండు ఊళ్ల బాణీలను లయ సరిచేసి కలుపుతారు. శాస్త్రి ముందున్నది లయ ఒక్కటే కాదు, వాయించే మనుషుల అలవాటు కూడా.

శిఖరారోహణను ఇతివృత్తంగా తీసుకున్న ‘ఆదర్శ శిఖరారోహణం’ ఆయన బృంద రచనల్లో పేరుపొందింది. సాహిత్యం లేకుండా వాద్యాలతోనే కథ చెప్పే పద్ధతి కచేరీ శ్రోతకు కొత్త. బృందం బయట హిందుస్థానీ విద్వాంసులతో జుగల్‌బందీలూ చేశారు. 1973లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, మరుసటి ఏడాది పద్మశ్రీ అందుకున్నారు.

1987లో కన్నుమూశారు. ఆయన వీణ బాణీని శిష్యుడు చిట్టిబాబు దేశదేశాలకు చేర్చారు. బృందం కోసం రాసినవాటికి మాత్రం ఒక్క శిష్యుడు చాలడు, రెండు సంప్రదాయాలూ తెలిసిన వాద్యకారులు మళ్లీ ఒకచోట కూర్చోవాలి.