పావులూరి మల్లన

పావులూరి మల్లన తెలుగులో తొలి గణిత గ్రంథకర్తగా ప్రసిద్ధుడైన కవి. మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని ఈయన తెలుగు పద్యాలలోకి మార్చాడు. ఈ గ్రంథానికి పావులూరి గణితము అనే పేరు కూడా ఉంది.

జీవితం, కాలం

మల్లన కమ్మనాటిలోని పావులూరుకు విభుడు. ప్రకాశం జిల్లాలో ఉన్న ఈ గ్రామం 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. వేంగి చాళుక్య ప్రభువు రాజరాజ నరేంద్రుని (పాలన 1022-1061) నుండి మల్లన అనే వ్యక్తి పిఠాపురం సమీపంలోని నవఖండవాడను అగ్రహారంగా పొందాడు. గ్రంథకర్త ఆయనే అని కొందరు పండితులు, ఆయన మనుమడని మరికొందరు అభిప్రాయపడ్డారు. మొదటి అభిప్రాయం ప్రకారం మల్లన నన్నయకు సమకాలికుడు.

రచన

మూలగ్రంథం 9వ శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో వెలువడింది. మహావీరుడు జైనుడు, మల్లన శైవుడు. అందువలన అనువాదంలో జైన ప్రస్తావనల స్థానంలో శివపరమైనవి చేరాయి. కావ్యభాషగా అప్పుడప్పుడే రూపుదిద్దుకొంటున్న తెలుగు, శాస్త్రానికి కూడా చాలునని ఈ రచన నిరూపించింది.

సంఖ్యలను వ్రాసే పద్ధతి

పద్యంలో అంకెలు ఇమడవు కనుక ప్రాచీనులు వాటికి బదులు పదాలను వాడేవారు. చంద్రుడు ఒకటి, వేదాలు నాలుగు, శరాలు (మన్మథుని బాణాలు) అయిదు, ఆకాశం సున్న. పర్యాయపదాలకూ అదే విలువ. మొదటి పదం ఒకట్ల స్థానాన్ని తెలుపుతుంది. తరువాతి అంకెలను వరుసగా దానికి ఎడమవైపున వ్రాయాలి. ఈ నియమం తెలియనివారికి పద్యం పదాల పోగుగానే కనిపిస్తుంది. తెలిసినవారికి మాత్రం ఛందస్సు సంఖ్యకు కాపలా వంటిది: ఒక పదం జారిపోతే నడక చెడి, లోపం బయటపడుతుంది.

చదరంగం లెక్క

చదరంగపు పలకపై మొదటి గడిలో ఒక గింజ, ఆపై ప్రతి గడిలో ముందరి గడికి రెట్టింపు ఉంచితే, 64 గడులలోని మొత్తం 18446744073709551615. ఈ 20 అంకెలను ఒకే పద్యంలో ఇమిడ్చిన రచన మల్లన పేరుతో ప్రసిద్ధం. అది శరంతో, అనగా అయిదుతో, మొదలై చంద్రునితో, అనగా ఒకటితో, ముగుస్తుంది.

64 బిట్లలో నిలువ చేయగల అతిపెద్ద ధనపూర్ణాంకం కూడా ఇదే. సి వంటి ప్రోగ్రామింగ్ భాషలలో సున్నా, ఎక్స్ గుర్తుల తరువాత ఎఫ్ అక్షరాన్ని 16 మార్లు వ్రాస్తే ఈ సంఖ్యే వస్తుంది. అక్కడ ఎఫ్ విలువ 15, స్థానవిలువలు 16 యొక్క ఘాతాలు. రెండు పద్ధతులలోనూ సంకేతం తెలిసినవారికే సంఖ్య కనబడుతుంది.