అలసిన వారికి విశ్రాంతి చూపిన బిషప్ అజరయ్య

హాస్టల్ మిత్రులారా! ఉదయం గంట మోగింది మొదలు రాత్రి స్టడీ అవర్ ముగిసే వరకు మనకు తీరిక లేదు. ఇక్కడ చదివి వెళ్లిన అన్నలను అడిగినా అదే మాట. ఒకరికి పోటీ పరీక్షలు, ఒకరికి సిరిసిల్లలో మరమగ్గాల షిఫ్టులు, ఇంకొకరికి ముంబయి, దుబాయిలలో ఓవర్ టైం. ఒళ్లు పడుకున్నా మనసు పడుకోదు. ఈ అలసటకు మందు ఉందా? క్రైస్తవ విశ్వాసంలో ఆ మందును వెతుక్కుని, తాను పొందిన విశ్రాంతిని మన తెలంగాణ పల్లెల్లోని నిరుపేదలకు కూడా పంచిన ఒక మహనీయుడి జీవితం తెలుసుకుందాం. ఆయనే దోర్నకల్ తొలి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో వెళ్లాళన్‌విళై అనే చిన్న పల్లెలో జన్మించారు. తండ్రి ఆ ఊరి సంఘ కాపరి. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న అజరయ్యను తల్లి ఎంతో క్రమశిక్షణతో పెంచింది. ఆయన కూడా మనలాగే బోర్డింగు బడిలో ఉండి చదువుకున్నారు. తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు కాని, బి.ఎ. పట్టా చేతికి రాలేదు. పట్టా లేదని ఆయన కుంగిపోలేదు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమే ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1895లో వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరి, దక్షిణ భారతమంతా తిరుగుతూ యువకుల మధ్య పనిచేశారు. 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు, 1905లో సేరంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనకు ముఖ్యులయ్యారు. భారతదేశంలో సేవ చేయవలసింది భారతీయులే, అదీ భారతీయుల డబ్బుతోనే అన్నది ఆయన పట్టుదల. ఇతరులకు చెప్పి తాను ఊరుకోలేదు. 1909లో మంచి ఉద్యోగం వదులుకుని, భార్య అన్బుతో కలిసి నిజాం రాజ్యంలోని దోర్నకల్ చేరారు. అప్పటికి ఆయన వయసు ముప్పై అయిదేళ్లు. కొత్త ఊరు, కొత్త భాష. ఆ వయసులో తెలుగు నేర్చుకుని, తెలుగు పల్లెల్లోనే జీవితమంతా గడిపారు.

1910లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడారు. తెల్లదొరలు భారతీయులకు ఎన్నో ఇచ్చారని ఒప్పుకుంటూనే, ఇక కావలసింది సమానులుగా చూసే స్నేహమని నిర్భయంగా చెప్పారు. ఆ మాట కొందరికి చేదుగా తగిలింది. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో ఆయన బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘ చరిత్రలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

ఆయన దగ్గరకు వచ్చిన జనం ఎవరు? ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. దొర పిలిస్తే పగలనక రాత్రనక వెట్టికి పోవలసినవారు. పండుగ లేదు, సెలవు లేదు, నా రోజు అని చెప్పుకునేందుకు ఏడాదిలో ఒక్క రోజు లేదు. అలాంటివారికి ఆదివారం ఆరాధన అంటే మాటలు కాదు. భారం మోసేవారిని క్రీస్తు విశ్రాంతికి పిలిచాడన్న వార్త వారి చెవిన పడినప్పుడు, అది ఆత్మకే కాదు, బరువు మోసిన భుజానికి కూడా చల్లగా తగిలింది. వారంలో ఒక పూట పని ఆపి, శుభ్రమైన బట్ట కట్టుకుని, దేవుని ముందు మనిషిగా కూర్చోవడమే వారికి కొత్త జన్మ.

మిగతా రోజుల మాటేమిటి? దానికీ ఏర్పాటు ఉంది. కూలి నుంచి తిరిగి వచ్చాక చీకటి పడే వేళ పల్లె ఉపాధ్యాయుడు అందరినీ కూడబెట్టి ప్రార్థన జరిపేవాడు. చదువు రానివారు కూడా పాట రూపంలో, కథ రూపంలో వాక్యం నేర్చుకునేవారు. మన జానపద పాటలను, భజనలను అజరయ్య ఎంతో ప్రోత్సహించారు. అలసిన మనిషికి అర్థం కాని భాషలో దేవుని మాట చెబితే అది మరో బరువు అవుతుందని ఆయనకు తెలుసు.

విశ్రాంతి అంటే సోమరితనం అని మాత్రం ఆయన నేర్పలేదు. అపరిశుభ్రత, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు భూతాలతో పోరాడమని చెప్పారు. అప్పు ఉన్న ఇంట్లో, తాగుడు ఉన్న ఇంట్లో నెమ్మది ఎలా ఉంటుంది? అందుకే బడులు, వైద్యశాలలు, సహకార సంఘాలు, ముద్రణాలయం నడిపించారు. వండుకునే ముందు పిడికెడు బియ్యం దేవుని పేర తీసిపెట్టడం పేద ఇల్లాలికి కూడా అలవాటు చేశారు. పుచ్చుకునే చెయ్యి ఇచ్చే చెయ్యి అయింది.

ఆయన మేత్రాసనంలో క్రైస్తవుల సంఖ్య 1912లో సుమారు 56 వేలు. 1941 నాటికి 2 లక్షల 25 వేలు. ఇంత పని ఒక్క మనిషి ఎలా మోశాడు? ఇక్కడే మనం నేర్చుకోవలసినది ఉంది. తెల్లవారుజామునే లేచి వాక్యపఠనం, ప్రార్థన చేసుకున్నాకే ఆయన పనిలోకి దిగేవారు. పని దేవునిది, నేను పనివాణ్ణి మాత్రమే అన్న నమ్మకం ఉన్నవాడికి అన్నీ తానే చేయాలన్న ఆరాటం ఉండదు. అందుకే ఆయన పనిని పంచగలిగారు. 1935 నాటికి 250 మంది భారతీయ గురువులు, 2 వేలకు పైగా పల్లె ఉపాధ్యాయులు ఆయనతో కలిసి పనిచేశారు. గురువులతో పాటు వారి భార్యలకు కూడా శిక్షణ ఇచ్చే బాధ్యత అన్బు అమ్మగారు తీసుకున్నారు.

దోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కేథడ్రల్ ఎన్నో ఏళ్లు సాగి 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. గుడి మండపం వంటి స్తంభాలు, మసీదు వంటి గుమ్మటాలు, మధ్యన సిలువ. ఈ నేలకు చెందిన వారెవరూ అక్కడ పరాయివారు కాకూడదన్నది ఆయన తలంపు. దక్షిణాది సంఘాలన్నీ ఒకటి కావాలని 1919 నుంచి పాటుపడ్డారు కాని, ఆ కల నెరవేరడం చూడలేదు. గ్రామ పర్యటన నుంచి జ్వరంతో తిరిగి వచ్చి, 1945 జనవరి 1న దోర్నకల్‌లో కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. తాను ముగించలేని పనిని ప్రశాంతంగా ఇతరుల చేతుల్లో వదిలి వెళ్లడం కూడా ఒక విశ్రాంతే కదా!

మిత్రులారా! పని అంతా అయిపోయాక విశ్రాంతి దొరుకుతుందని మనం అనుకుంటాం. పని ఎన్నటికీ అయిపోదు. అజరయ్య విశ్రాంతిని రోజు చివర మిగిలే ముక్కగా చూడలేదు, రోజుకు పునాదిగా వేసుకున్నారు. విశ్వాసం ఉన్నవారు తెల్లవారి ఒక గడియ ప్రార్థనకు కేటాయించండి. ఏ మతం వారైనా ఆ గడియ ఫోను పక్కన పెట్టి మౌనంగా కూర్చోండి. రేపు మీరు అధికారులై, యజమానులై నలుగురితో పని చేయించే రోజు వస్తే, మీ కింద పనిచేసేవారికి కూడా ఒక రోజు ఉండాలని మరువకండి. తాను విశ్రమించి, ఎదుటివాడిని విశ్రమించనిచ్చేవాడే ఆ మహనీయుడికి నిజమైన వారసుడు.